తొలి స్థలం కొనే ముందు: సొమ్ము లెక్క నుంచి తోటి మదుపరుల దాకా

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉద్యోగం చేస్తూ నాలుగు రాళ్లు వెనకేసుకున్నవారికి స్థలం అమ్ముతామని వచ్చే ఫోన్లకు కొదవ లేదు. ఆదివారం కారు పంపిస్తాం, వెంచర్ చూపించి భోజనం పెట్టి ఇంటి దగ్గర దింపుతాం అంటారు. కొనమని చెప్పేవారు అడుగడుగునా ఉంటారు. ‘ఇది వద్దు, ఈ కాగితంలో లోపం ఉంది’ అని చెప్పే మనిషి మాత్రం అరుదు. అలా చెబితే ఎవరికీ కమీషన్ రాదు కాబట్టి. స్థిరాస్తిలో పెట్టుబడి మొదలుపెట్టేవారు స్థలం కంటే ముందు సంపాదించుకోవలసింది అలా చెప్పగల నలుగురు మనుషులను. కింద రాసిన అడుగులన్నీ ఆ నమ్మకం మీద నడిచేవే.

మొదటి అడుగు: ఎంత ఉంది, ఎన్నేళ్లు మరిచిపోగలరు

ఆరు నెలల ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, ఆరోగ్య బీమా పక్కన పెట్టండి. మిగిలినదే పెట్టుబడి సొమ్ము. ప్లాటు బంగారంలా సాయంత్రానికి డబ్బు కాదు. మంచి ప్లాటైనా సరైన ధరకు పోవడానికి నెలలు పడుతుంది, మార్కెట్ పడిపోయిన కాలంలో ఏళ్లు కూడా పట్టవచ్చు. కనీసం ఐదేళ్లు ఈ డబ్బు లేకపోయినా ఇల్లు గడుస్తుందని తేలాకే రెండో అడుగు వేయండి.

ధరతో పాటు పై ఖర్చులూ లెక్కలో ఉండాలి. తెలంగాణలో అమ్మకం దస్తావేజుకు స్టాంపు సుంకం 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అవి వరుసగా 5, 1.5, 1 శాతం. రెండు చోట్లా కలిపితే 7.5 శాతమే. దస్తావేజులో విలువ 30 లక్షలైతే 2,25,000 రూపాయలు అక్కడే పోతాయి. లాయరు, సర్వేయరు, కంచె, రాళ్లు పాతించడం దీనికి అదనం.

అద్దె కోసం ఫ్లాటు కొందామనుకునేవారు ముందు ఒక చిన్న లెక్క వేయాలి. 80 లక్షల ఫ్లాటుకు నెలకు 22,000 అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 2,64,000, అంటే 3.3 శాతం. నిర్వహణ, ఆస్తి పన్ను, ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే మూడు శాతానికి దిగువన మిగులుతుంది. గృహరుణం మీద కట్టే వడ్డీ దానికి రెట్టింపు కంటే ఎక్కువ. కాబట్టి అప్పు చేసి కొన్న ఫ్లాటు అద్దెతో దానంతట అదే తీరిపోతుందనే మాట నమ్మకండి. అక్కడ మీ ఆశ అంతా రేపు పెరిగే ధర మీదే.

అంత సొమ్ము లేనివారికి రీట్లు ఉన్నాయి. ఆఫీసు భవనాలు, మాల్స్ అద్దెకిచ్చి వచ్చిన డబ్బును యూనిట్లు కొన్నవారికి పంచే ట్రస్టులివి. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అజమాయిషీలో ఉంటాయి, పంచగలిగిన నగదులో కనీసం 90 శాతం పంచి తీరాలి. మన దేశంలో మొదటిది 2019లో స్టాక్ ఎక్స్ఛేంజీకి వచ్చిన ఎంబసీ ఆఫీస్ పార్క్స్. 2020లో వచ్చిన మైండ్‌స్పేస్ రీట్ ఆస్తుల్లో మాదాపూర్ ఆఫీసు భవనాలూ ఉన్నాయి. డీమ్యాట్ ఖాతాతో ఒక్క యూనిట్ అయినా కొనవచ్చు. ధర రోజూ మారుతుంది, తగ్గనూ వచ్చు. అయినా కాగితాల చిక్కులు లేకుండా అద్దె ఆదాయం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి కొత్తవారికి ఇది మంచి బడి.

రెండో అడుగు: ఒకే ప్రాంతం, ఒకే రకం

శంకర్‌పల్లిలో ఒకటి, యాదగిరిగుట్ట దారిలో ఒకటి, అమరావతిలో మరొకటి చూస్తూ తిరిగితే ఏదీ అర్థం కాదు. మీ ఇంటి నుంచి గంటన్నరలో వెళ్లిరాగల రెండు మూడు మండలాలు ఎంచుకోండి. అక్కడ అడుగుతున్న ధర ఎంత, నిజంగా తెగిన ధర ఎంత అన్నది నోటు పుస్తకంలో రాయండి. ఏజెంట్ చెప్పేది మొదటిది, మీకు కావలసింది రెండోది. ప్రభుత్వ మార్కెట్ విలువ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. కానీ అది తెగిన ధర కాదు, సుంకం లెక్కకు వాడే విలువ మాత్రమే.

రకాల్లో కొత్తవారికి నేను చెప్పేది అనుమతి పొందిన లేఅవుట్‌లో ఖాళీ ప్లాటు. హైదరాబాద్ చుట్టూ హెచ్‌ఎండీఏ, అమరావతి ప్రాంతంలో సీఆర్‌డీఏ, జిల్లాల్లో డీటీసీపీ అనే ప్రణాళికా సంస్థలు ఇచ్చిన అనుమతి సంఖ్య అడగండి. ‘పంచాయతీ లేఅవుట్’ అన్న మాటతో సరిపెట్టుకోకండి. రేపు ఇల్లు కట్టుకోవాలంటే క్రమబద్ధీకరణ రుసుము మీ నెత్తినే పడుతుంది. అనుమతి ఉన్న లేఅవుట్లలోనూ, పనులు పూర్తిచేస్తామనే హామీగా కొన్ని ప్లాట్లను లేఅవుట్ వేసిన సంస్థ అనుమతి ఇచ్చిన అధికారులకు తనఖా పెడుతుంది. మీరు చూసిన ప్లాటు ఆ జాబితాలో ఉందేమో లేఅవుట్ నక్షలో చూసుకోండి.

ఫామ్ ప్లాట్ల జోలికి కొత్తవారు వెళ్లకపోవడమే మేలు. అవి గుంటల లెక్కన ముక్కలు చేసి అమ్మే వ్యవసాయ భూములు. లేఅవుట్ అనుమతి ఉండదు, రోడ్డు చాలాచోట్ల రంగుల బ్రోచర్‌లోనే ఉంటుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనవాళ్లకు మరో అడ్డంకి ఉంది. ప్రవాస భారతీయులు విదేశీ మారక ద్రవ్య చట్టం ప్రకారం వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనకూడదు. వారసత్వంగా రావచ్చు గానీ కొనుగోలు కుదరదు. తానా, ఆటా మహాసభల స్టాళ్లలో ఫామ్ ప్లాటు చూసి మనసు పడినవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రీ లాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మడం, గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ వచ్చే ప్రాజెక్టుకు నమోదు తప్పనిసరి. నమోదు కాకముందు ప్రకటన ఇవ్వడం, అమ్మడం, బుకింగ్ తీసుకోవడం నిషిద్ధం. ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వసూలైన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ‘మొత్తం ఒకేసారి కడితే చదరపు అడుగు సగం ధరకే’ అనేవారు ఈ రక్షణలన్నింటినీ మీ చేత వదిలించుకుంటున్నారు. యూడీఎస్ పేరుతో భూమిలో అవిభాజ్య వాటా రిజిస్టర్ చేస్తామన్నా జాగ్రత్త పడాలి. నిర్మాణ అనుమతే రాని భూమిలో వాటా చేతిలో ఉంటుంది, ఫ్లాటు మాత్రం ఎక్కడా ఉండదు. ఈ పద్ధతిలో జీవితకాలపు పొదుపు పోగొట్టుకుని హైదరాబాద్‌లో పోలీసు స్టేషన్ల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలు ఎన్నో.

మూడో అడుగు: మనుషులను కూడగట్టుకోవడం

స్థలం నచ్చాక లాయరు కోసం వెతకడం ఆలస్యం. మనసు పడిపోయాక వద్దనే మాట చెవికెక్కదు. ముందే ముగ్గురిని చూసిపెట్టుకోండి: ఆ జిల్లా కోర్టులో భూమి కేసులు చూసే న్యాయవాది, లైసెన్సు ఉన్న సర్వేయరు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం దగ్గర అనుభవమున్న దస్తావేజు లేఖరి. ముగ్గురూ మీ తరఫున వచ్చినవారై ఉండాలి. అమ్మేవారు ‘మా లాయరు చూసేశారు’ అంటే నమస్కారం పెట్టి మీ లాయరు దగ్గరికి వెళ్లండి. డబ్బు చేతిలో ఉన్నా కొంత బ్యాంకు రుణానికి దరఖాస్తు పెట్టడం ఒక మంచి పద్ధతి. బ్యాంకు తన లాయరుతో కాగితాలు చూపిస్తుంది. అది హామీ కాదు, కానీ బ్యాంకు వెనక్కి తగ్గిందంటే కారణం తప్పక తెలుసుకోవాలి.

ఇక తోటి మదుపరులు. వీరు దొరికే చోట్లలో అన్నింటికంటే విలువైనది, మీరు ఎంచుకున్న మండలంలో ఏడెనిమిదేళ్ల కింద వేసిన లేఅవుట్ల ప్లాటు యజమానుల సంఘం. ఏ సంస్థ చెప్పిన రోడ్డు వేసిందో, ఎవరి ప్లాటు మీద కేసు పడిందో, అమ్మబోతే నిజంగా ఎంత పలికిందో వారికి తెలుసు. ఆ తర్వాత మీ ఆఫీసులో, మీ అపార్ట్‌మెంట్‌లో అదే దిక్కున కొన్నవారు. బిల్డర్ల సంఘాలైన క్రెడాయ్, నరెడ్కో పెట్టే ప్రాపర్టీ షోలకు వెళితే స్టాళ్ల దగ్గర కంటే బయట టీ తాగుతున్న కొనుగోలుదారులతో ఎక్కువసేపు మాట్లాడండి.

వట్టి చేతులతో వెళ్లి ‘ఎక్కడ కొంటే పెరుగుతుంది?’ అని అడిగేవారికి ఎవరూ నిజం చెప్పరు. మీరు తీసిన ఒక ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా), మీరు రాసుకున్న ధరల పట్టిక తీసుకెళ్లండి. పరిచయమయ్యాక ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ‘మీరు చూసి వదిలేసిన స్థలం ఏది, ఎందుకు వదిలేశారు?’ కొన్నదాని గురించి అందరూ గొప్పగానే చెబుతారు. వదిలేసినదాని గురించి చెప్పేటప్పుడే మనిషికి ఎంత తెలుసో బయటపడుతుంది.

ఐదారుగురు కుదిరితే నెలకోసారి కూర్చోండి. ప్రతిసారీ ఒకరు ఒక ఆస్తి కాగితాలు తేవాలి, మిగిలినవారు లోపాలు వెతకాలి. నియమాలు ఎక్కువ అక్కర్లేదు. ఎవరికైనా ఏ వెంచర్ నుంచైనా కమీషన్ వస్తుంటే ముందే చెప్పాలి, దాచినట్టు తేలితే ఆ మనిషి గుంపులో ఉండకూడదు. అమ్మకందారుల ఆధార్, పాన్ కాపీలు వాట్సాప్‌లో తిప్పకూడదు. ఎవరి నిర్ణయం వారిదే, మొహమాటానికి కొనకూడదు.

నాలుగో అడుగు: కాగితాలు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. అమ్మేవారి దస్తావేజు, దానికి ముందరి లింకు డాక్యుమెంట్లు, కనీసం 30 ఏళ్ల చరిత్ర, దానికి సరిపడే ఈసీ తీసుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ 1983 నుంచి వివరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించాలి. ప్లాటు నంబరుతో ఒకటి, సర్వే నంబరుతో ఒకటి, రెండు ఈసీలు తీయండి.

ఈసీ చేతికి వచ్చాక ఎలా చదవాలో చూద్దాం. ఒక ఈసీలో నాలుగు నమోదులు ఉన్నాయనుకుందాం: 2006లో అమ్మకం, 2011లో తనఖా, 2014లో జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారం మరొకరికి ఇచ్చే పత్రం), 2019లో అమ్మకం. మొదట 2011 దగ్గర ఆగండి. ఆ తనఖా విడుదలైనట్టు తర్వాత ఎక్కడా లేదు. అప్పు తీరిందని నోటితో చెబితే చాలదు, విడుదల దస్తావేజు కావాలి. తర్వాత 2014, 2019 కలిపి చదవండి. 2019 అమ్మకంపై సంతకం చేసింది జీపీఏ పొందినవారైతే, అధికారం ఇచ్చిన మనిషి ఆ రోజుకు బతికే ఉన్నారా? లేకపోతే మామూలు జీపీఏ అప్పటికే రద్దయినట్టు. జీపీఏ కాగితమే హక్కు ఇవ్వదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇక సర్వే నంబరు ఈసీ తీసుకుని అమ్మకాలన్నీ కూడండి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఆ సర్వే నంబరులో మూల యజమానికి ఉన్నది నాలుగు ఎకరాలు, అమ్మిన దస్తావేజుల మొత్తం నాలుగు ఎకరాల ఇరవై గుంటలు అయితే, ఎవరో ఒకరి చేతిలో ఉన్నది నేల లేని కాగితం. అది మీది కాకూడదు.

ఈసీలో కోర్టు కేసులు కనిపించవు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో అమ్మేవారి పేరుతో, వారికి అమ్మినవారి పేరుతో వెతకండి. కుటుంబ వాటాలూ కనిపించవు. పిత్రార్జిత ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమాన హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి ఇచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. పెళ్లై వెళ్లిపోయారన్నది చట్టం దృష్టిలో కారణం కాదు. కాబట్టి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని అక్కచెల్లెళ్ల సంతకాలూ ఉన్నాయో లేదో చూడండి. వాటాదారుల్లో మైనర్లు ఉంటే కోర్టు అనుమతి గురించి లాయరును అడగాలి.

ఆ భూమి మొదట ఎవరిది అన్నది తర్వాతి ప్రశ్న. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. కొన్ని తరగతులకు తర్వాత సడలింపులు వచ్చాయి, అవి మీ సర్వే నంబరుకు వర్తిస్తాయో లేదో రాతపూర్వకంగా తేలాలి. 1951లో పోచంపల్లిలో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన వంద ఎకరాలతో మొదలైన భూదానం కింద వచ్చిన భూములూ చేతులు మారి వెంచర్లలో కనిపిస్తుంటాయి. దేవాదాయ, వక్ఫ్, ఇనాం భూములు, తెలంగాణలో కౌలు చట్టం 38-ఈ కింద రక్షిత కౌలుదారుల భూములు, ఆంధ్రలో చుక్కల భూములు (పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలు ఉన్నవి), ఇలా జాబితా పెద్దదే. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితా ఆన్‌లైన్‌లో ఉంటుంది, మొదట అది చూడండి. ఆ పైన తెలంగాణలో 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ, ఆంధ్రలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు దాకా వెనక్కి వెళ్లండి. నేటి వివరాలకు తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి, ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి పోర్టళ్లు ఉన్నాయి.

చెరువులు మరిచిపోవద్దు. పది హెక్టార్లు, అంతకు పెద్ద చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్ల దాకా నిర్మాణం కూడదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక హైదరాబాద్‌లో ఈ గీతల విలువ అందరికీ తెలిసింది. రిజిస్ట్రేషన్ అయిందన్న వాదన అక్కడ ఇంటిని కాపాడలేదు.

ఐదో అడుగు: నేల మీద

సర్వేయరుతో పాటు మీరూ ఒక టేపు పట్టుకుని వెళ్లండి. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు ఉన్న ప్లాటు 1350 చదరపు అడుగులు, సరిగ్గా 150 గజాలు. నాలుగు వైపులా కొలిచాక మూల నుంచి మూలకు కూడా కొలవండి. రెండు కర్ణాలూ 54 అడుగుల పైన ఒక అంగుళం దగ్గర వస్తే ప్లాటు మూలలు సరిగ్గా ఉన్నట్టు. ఒకటి 52, ఒకటి 56 వస్తే రాళ్లు పక్కకు జరిగాయి, ఎవరి వైపుకో తేలాలి. దస్తావేజులో రాసిన హద్దులు, పక్క ప్లాటు దస్తావేజులో మీ వైపు రాసిన హద్దు ఒకదానితో ఒకటి కలవాలి.

ఒకసారి వానాకాలంలో వెళ్లండి. నీరు ఎటు పారుతుందో బ్రోచర్ చెప్పదు, వాన చెబుతుంది. పైన హైటెన్షన్ తీగలు, ఊరి శ్మశానం దారి, పాత కాలువ గట్టు చూసుకోండి. పక్క పొలం రైతుతో పది నిమిషాలు మాట్లాడండి. భూమి తగాదాలన్నీ ఆయనకు తెలుసు.

ఆరో అడుగు: కలిసి కొనడం

గుంపు కుదిరాక ‘నలుగురం కలిసి రెండెకరాలు కొందాం’ అన్న మాట వస్తుంది. మంచిదే, కానీ స్నేహం చెడేది కూడా ఇక్కడే. సౌకర్యం కోసం ఒక్కరి పేరున కొని మిగిలినవారు తెల్లకాగితం మీద రాసుకోవడం అస్సలు వద్దు. 1988 నాటి బినామీ లావాదేవీల చట్టాన్ని 2016లో బాగా బిగించారు, ఆస్తి జప్తు దాకా వెళ్లవచ్చు. నలుగురి పేర్లూ, ఎవరి వాటా ఎంత శాతమో అమ్మకం దస్తావేజులోనే ఉండాలి.

దానితో పాటు విడిగా ఒక ఒప్పందం లాయరుతో రాయించుకోండి. కంచె ఖర్చు ఎవరు ఎంత పెడతారు? ఎన్నేళ్ల తర్వాత అమ్మకం గురించి ఆలోచిస్తారు? మధ్యలో ఒకరికి డబ్బు అవసరమైతే మిగిలినవారికే ముందు అమ్మాలా, ధర ఎవరు నిర్ణయిస్తారు? ఒకరు చనిపోతే వారసులతో ఎలా? ఇవన్నీ డబ్బు కట్టకముందు మాట్లాడుకోవడం ఇబ్బందిగా ఉంటుంది. అయినా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఒక వాటాదారు విభజన కోరుతూ కోర్టుకెక్కితే మిగిలిన ముగ్గురి సొమ్మూ ఆగిపోతుంది. మొదటిసారి కలిసి కొనేవారు ఇద్దరు ముగ్గురికి మించకపోవడం మంచిది.

గుంపు పెద్దదై, ముఖపరిచయం లేనివారి నుంచి కూడా డబ్బు పోగుచేసి ‘రెండేళ్లలో రెట్టింపు ఇస్తాం’, ‘నెలనెలా అద్దె, ఆఖరున తిరిగి కొంటాం’ అనే దాకా వస్తే వెంటనే బయటికి రండి. అది 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం కిందికి రావచ్చు. డబ్బు పెట్టినవారిగానే కాదు, మరో పదిమందిని చేర్పించినవారిగా కూడా మీ పేరు ఆ కేసులోకి రావచ్చు.

ఏడో అడుగు: బయానా నుంచి రిజిస్ట్రేషన్, ఆ తర్వాత

బయానా చిన్నదిగా ఉండాలి, బ్యాంకు ద్వారా వెళ్లాలి. కాగితాల్లో లోపం తేలితే ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో అగ్రిమెంట్‌లో రాయించండి. స్థిరాస్తి వ్యవహారంలో 20,000 రూపాయలు, అంతకు పైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ‘సగం తెలుపు, సగం నలుపు’ అన్న బేరం కొనేవారికీ నష్టమే. రేపు మీరు అమ్మేటప్పుడు నల్లగా ఇచ్చిన సగం మీ కొనుగోలు ధరలో చేరదు, దాని మీద కూడా లాభమన్నట్టే పన్ను కడతారు.

వ్యవసాయ భూమి కాకుండా విలువ 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవారే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములోంచి ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. నలుగురు కలిసి కొన్నా మొత్తం విలువే లెక్క, ఒక్కొక్కరి వాటా కాదు. అమ్మేవారు విదేశాల్లో ఉంటే ఈ ఒక శాతం వర్తించదు, రేటు బాగా ఎక్కువ. అప్పుడు ఆడిటర్‌ను అడగకుండా చెల్లించవద్దు. మీరే విదేశంలో ఉండి ఇక్కడివారికి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది ఇక్కడ అందిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఏ ఆస్తికి, ఏ పనికి అన్నది అందులో స్పష్టంగా రాయండి.

రిజిస్ట్రేషన్ రోజు ఉదయం మరోసారి ఈసీ తీయండి. సంతకాలయ్యాక పాత లింకు డాక్యుమెంట్ల అసళ్లు చేతికి తీసుకునే బయటికి రండి. కొన్ని రోజులకు కొత్త ఈసీలో మీ పేరు వచ్చిందో చూసి, మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టండి. ఖాళీ స్థలం పన్ను ఉన్నచోట ఏటా కట్టి రశీదు దాచండి. నాలుగు మూలలా రాళ్లు, వీలైతే చిన్న ప్రహరీ, మీ ఫోన్ నంబరుతో ఒక బోర్డు. ఏడాదికోసారి ఈసీ తీసి చూడటం అలవాటుగా పెట్టుకోండి. మీకు తెలియకుండా ఎవరైనా అదే ప్లాటును రిజిస్టర్ చేస్తే అక్కడే బయటపడుతుంది.

ప్రహరీకి, మట్టి పోయించడానికి, క్రమబద్ధీకరణకు పెట్టిన ఖర్చుల రశీదులన్నీ దస్తావేజు ఫైల్లోనే ఉంచండి. కొన్న 24 నెలల తర్వాత అమ్మితే దీర్ఘకాలిక లాభంపై పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తి అయితే దేశంలో నివసించే వ్యక్తులు ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం లెక్కనూ ఎంచుకోవచ్చు. ఏ లెక్క చేసినా ఆ రశీదులు ఉంటేనే ఖర్చు లాభంలోంచి తీసేస్తారు.